చివరి బిగింపు

మా ఇంట్లో ఎవరి పని వాళ్ళకుంది. మా నాన్న, మా ఆయన లేత్ యంత్రం మీద ఇత్తడి గొట్టాలు తీస్తారు. నేను వాటిని కొలుస్తాను. పనికొచ్చేది ఒక పెట్టెలోకి, పనికిరానిది ఇంకో పెట్టెలోకి వెళుతుంది. కట్టుకున్నవాడు తీశాడనో కన్నవాడు తీశాడనో మొహమాటపడితే ఆ పెట్టెలకు అర్థం ఉండదు. అందుకే ఎవరేం చెప్పినా ముందు ‘ఏదీ, ఇలా ఇవ్వండి చూద్దాం’ అనడం నాకు అలవాటైపోయింది. మా ఆయన దాన్ని జబ్బు అంటాడు. అనుమానం పెనుభూతమని అందరూ అనే మాటే, నేనూ కాదనను. కానీ ఇన్నేళ్ళూ మా షెడ్డుకు కాపలా కాసింది ఆ భూతమే.

షెడ్డు అంటే వంటింటి పక్కన కారు కోసం కట్టిన గది. కారు రాలేదు. నాన్న రిటైరయ్యాక, తను పనిచేసిన ఫ్యాక్టరీ వాళ్ళు పక్కన పడేసిన పాత లేత్ ఒకటి కొనుక్కొచ్చి అందులో దించాడు. వంటింటి కిటికీ తీస్తే లేత్ కనిపిస్తుంది, దాని ముందు నిలబడ్డ మనిషి భుజాలు, చేతులు కనిపిస్తాయి. కిటికీ కిందే నా బల్ల. ఒక కంట పొయ్యి, ఒక కంట షెడ్డు చూసుకుంటూ కొలుస్తాను. మా ఆయన కూడా ఆ ఫ్యాక్టరీలోనే నాన్న చేతికింద పని నేర్చుకున్నవాడు. పెళ్ళయ్యాక మా ఇంట్లోనే ఉండిపోయాడు. ఇల్లరికం అల్లుడంటే లోకానికి ఎప్పుడూ లోకువే, అయినా ఎవరేమన్నా ఉలకడు పలకడు. అడిగితే తప్ప చెప్పడు, అడిగినా సగమే చెప్తాడు. అలాంటి మనిషితో కాపురం చేస్తే మీకూ అనుమానం జబ్బు రాకపోతే నన్నడగండి.

మాకు నికరంగా పని ఇచ్చేది ఒక్కడే. దుర్భిణీలు తయారుచేసే ఆయన. ఒక గొట్టంలోంచి ఇంకో గొట్టం మెత్తగా జారుతూ బయటికి రావాలి, మళ్ళీ లోపలికి పోవాలి, ఎక్కడా పట్టెయ్యకూడదు, వదులుగా ఊగకూడదు. గొట్టం మందం మన గోరంత. ఆయన మిగతా సామానంతా ఎక్కడెక్కడో చేయించుకుంటాడు గానీ ఈ గొట్టాలకు మాత్రం మా నాన్న దగ్గరికే వస్తాడు.

అలాంటివాడు ఒకరోజు పొద్దున్నే పెట్టె చంకలో పెట్టుకుని మొహం ముడుచుకుని వచ్చాడు. పంపించిన విడతలో సగానికి సగం పనికిరావన్నాడు. అది నా మీద పడ్డ మాట, ఎందుకంటే ప్రతి గొట్టాన్నీ కొలిచి మంచి పెట్టెలో వేసింది నేను. అరికాలి మంట నెత్తికెక్కింది. వెర్నియర్ తీసి ఆయన ఎదుటే ఒక గొట్టాన్ని నాలుగు వైపులా తిప్పి కొలిచాను. ఎటు కొలిచినా ఒకటే అంకె. చూశారా అన్నట్టు ఆయన వైపు చూశాను. ఆయన జేబులోంచి నున్నగా మెరుస్తున్న ఉక్కు గేజి తీశాడు. గుండ్రటి కడ్డీ ముక్క, అంతే. దాన్ని గొట్టంలో పెట్టి తోశాడు. అంగుళం కూడా వెళ్ళకుండా ఇరుక్కుపోయింది.

ఇంకో గొట్టం తీసుకుని తోస్తే అందులో వెన్నలో వేలు పెట్టినట్టు జారిపోయింది. తర్వాతది మళ్ళీ ఇరుక్కుంది.

“మూడు మూలలొచ్చాయమ్మా,” అన్నాడు దుర్భిణీలాయన. “వెర్నియర్‌కు అది దొరకదు. ఈ గేజి మీ దగ్గరే ఉంచుకోండి. వచ్చే విడత కూడా ఇలాగే ఉంటే, పెద్దాయన మీద గౌరవం ఉన్నా నేను వేరే చోటు చూసుకోక తప్పదు.”

మూడు మూలలు ఎలా వస్తాయో మా ఇంట్లో పిల్లికి కూడా తెలుసు. లేత్‌కు చక్ ఉంటుంది, దానికి మూడు దవడలు. పలచటి గొట్టాన్ని ఆ దవడల మధ్య పెట్టి గట్టిగా బిగిస్తే మూడు చోట్ల లోపలికి నొక్కుకుపోతుంది, కంటికి కనపడనంత. ఆ నొక్కుడులో ఉండగానే లోపల గుండ్రంగా కోస్తాం. చక్‌లో ఉన్నంతసేపూ అది గుండ్రమే. వదిలిన మరుక్షణం గొట్టం తన పాత ఆకారానికి పోతుంది, మనం కోసిన గుండ్రం కాస్తా మూడు మూలలవుతుంది. మాయదారి వంకర అది. ఎదురెదురు గోడల మధ్య దూరం ఎటు తిప్పి కొలిచినా మారదు, అందుకే నన్ను దాటి పోయింది.

దానికి విరుగుడు మా నాన్న వేళ్ళలో ఉంది. ముందు మోటుగా కోస్తారు. అది అయ్యాక చక్ వదులు చేసి, గొట్టాన్ని కాసేపు దాని మానాన వదిలి, మళ్ళీ బిగిస్తారు. ఈసారి జారిపోకుండా ఆగితే చాలు, ఒక్క పిసరు కూడా ఎక్కువ బిగించకూడదు. ఆ తర్వాత సన్నగా ఆఖరి కోత. దాన్ని మేం చివరి బిగింపు అంటాం. దవడలను బిగించే చక్ తాళాన్ని నాన్న బొటనవేలితో, చూపుడువేలితో మాత్రమే తిప్పేవాడు. ఫ్యాక్టరీలో ఆయన్ని రెండువేళ్ళ మేస్త్రి అనే పిలిచేవాళ్ళు. వేరే చోట్ల ఒక పక్క చీల్చిన మందపాటి ఉంగరాన్ని గొట్టానికి తొడిగి, ఆ ఉంగరం మీద బిగిస్తారు. దవడల నొక్కుడు చుట్టూ పంచుకుపోతుంది, బిగింపు కాస్త ఎక్కువైనా గొట్టానికి దెబ్బ తగలదు. ఆ మాట ఎత్తితే నాన్న నవ్వేవాడు. వేళ్ళు లేనివాడికే ఆ ఉంగరాలు అనేవాడు. మా షెడ్డులోకి ఉంగరం రాలేదు.

కాబట్టి మా ఇంటి కట్టుబాటు ఏమిటంటే, మోటు కోత మా ఆయనది, చివరి బిగింపు నాన్నది, ఆఖరి కోత మళ్ళీ మా ఆయనది. నాన్న బిగించి, చెయ్యి గుడ్డతో తుడుచుకుని వరండాలోకి వెళ్ళి కూర్చుంటాడు. ఆయన బిగించాక తాళం ఎవరూ ముట్టుకోకూడదు.

దుర్భిణీలాయన వెళ్ళాక నాన్నకు గేజి చూపించాను. ఆయన దాన్ని చేతిలో తిప్పుతూ చాలాసేపు చూశాడు. చివరికి, తను ఎప్పుడూ బిగించినట్టే బిగిస్తున్నానని చెప్పాడు. “నా చెయ్యి దాటాక ఏం జరుగుతోందో నాకెలా తెలుస్తుందమ్మా?” అన్నాడు. ఆ మాట చాలా నెమ్మదిగా, నేల చూస్తూ అన్నాడు. పాపం, అల్లుణ్ణి ఒక మాట అనడానికి కూడా మనసొప్పని మనిషి అనుకున్నాను.

నాన్న చెయ్యి దాటాక ఉండేది ఒక్కడే కదా. ఆ రోజు నుంచి మా ఆయన ఏం చేసినా నాకు వేరే రంగులో కనిపించడం మొదలైంది. ఫోన్ మోగితే గేటు దాకా వెళ్ళి మాట్లాడుతున్నాడు. ఇంట్లో సిగ్నల్ లేక కాదు, నేను వంటింట్లోనే మాట్లాడుతుంటాను. నేను గుమ్మంలోకి వస్తే గొంతు తగ్గిస్తున్నాడు. ఎవరని అడిగితే పాత స్నేహితుడంటున్నాడు. పాత స్నేహితుడితో గుసగుసలేమిటి? దానికి తోడు, కొత్త విడతకు ఇత్తడి తెచ్చిచ్చిన దుర్భిణీలాయన మాటల మధ్యలో, పక్క జిల్లాలో పెద్ద ఫ్యాక్టరీ గేటు దగ్గర మీ ఆయన కనిపించాడే, అక్కణ్ణించి కూడా పని వస్తోందా అని అడిగాడు. నాకు ఆ సంగతే తెలియదు. తెలిసినట్టు నవ్వి ఊరుకున్నాను.

ఆ రాత్రికి నా లెక్క నేను వేసుకున్నాను. పెళ్ళైన కొత్తలో ఒకసారి మా ఆయన, మనం విడిగా ఉంటే బాగుంటుందేమో అన్నాడు. నేను వద్దంటే మళ్ళీ ఎత్తలేదు. ఎత్తకపోతే మర్చిపోయాడనా? ఇక్కడ గొట్టాలు పాడైతే దుర్భిణీలాయన పోతాడు, ఆయన పోతే షెడ్డు మూతపడుతుంది, మూతపడితే ఇక్కడే ఉందామనడానికి నాకు ఏ సాకూ ఉండదు, మూట కట్టుకుని ఫ్యాక్టరీ ఊరికి బయలుదేరాల్సిందే. పైకి మాత్రం ఎవరి మనసూ నొప్పించినట్టుండదు. నోట్లో నాలుక లేని వాళ్ళు చేసే పనులు ఇలాగే ఉంటాయి. ఆ లేత్ ఆగిపోతే మా నాన్న ఏమవుతాడో నాకు తెలుసు, పని లేని రోజు ఆయన గదిలో ఒక మూల నుంచి ఇంకో మూలకు తిరుగుతాడు. ఆ వంకర మా ఆయన చేతిదని తేలితే నేను కాపురం ఎలా చెయ్యాలి? నిద్ర పట్టలేదు. పక్కన ఆయన మాత్రం హాయిగా గురక పెడుతున్నాడు, దానికి ఇంకా ఒళ్ళు మండింది.

కొత్త విడత మొదలైంది. ఇప్పుడు ప్రతి గొట్టంలో గేజి తోసి చూస్తున్నాను. కొన్ని జారుతున్నాయి, కొన్ని ఇరుక్కుంటున్నాయి. పనికిరాని పెట్టె బరువెక్కుతోంది. కిటికీకి ఉన్న పాత తెర దించేసి, అంచు దగ్గర కన్ను పెట్టుకుని కూర్చున్నాను. పొయ్యి మీద ఒకటి రెండు మాడాయి, మాడనీ అనుకున్నాను.

నాన్న వచ్చాడు. చక్ వదులు చేశాడు, గొట్టాన్ని వేలితో తిప్పి చూశాడు, మళ్ళీ బిగించాడు. చెయ్యి తుడుచుకుని వరండాలోకి వెళ్ళాడు. టీ గ్లాసు అక్కడ పెట్టే ఉంచాను, పొగలు కక్కుతున్న గ్లాసును ఆయన అంచు పట్టుకోకుండా మధ్యలో పట్టుకుని తాగేశాడు. మా నాన్నది ఎప్పుడూ ఉక్కు చర్మమే. నా కళ్ళు మాత్రం షెడ్డులోనే ఉన్నాయి.

మా ఆయన వరండా వైపు ఒకసారి తొంగిచూశాడు. తర్వాత కిటికీ వైపు చూశాడు. తేలు కుట్టిన దొంగ ఎలా ఉంటాడో అలా ఉన్నాడు. చప్పుడు కాకుండా చక్ తాళం తీసుకుని, నాన్న బిగించిన బిగింపును వదిలేశాడు. గొట్టాన్ని కొంచెం తిప్పి, తల ఒక పక్కకు వంచి, మళ్ళీ తనే బిగించాడు. ఆ తర్వాత తాళాన్ని నాన్న పెట్టిన చోటే, పెట్టిన తీరులోనే పెట్టి కోత మొదలుపెట్టాడు.

దొరికాడు అనుకున్నాను. ఆ సంతోషం ఎలాంటిదో చెప్పలేను, సంతోషమూ కాదు అది. ఆ గొట్టం బల్ల మీదికి రాగానే గేజి పెట్టి తోశాను. చక్కగా జారిపోయింది.

ఇక్కడ నా తెలివి చూడండి. జారిపోతే నేనేం అనుకోవాలి? మనిషన్నవాడు ఏం అనుకోవాలి? నేను మాత్రం, అబ్బో ఎంత జాగ్రత్తపరుడు, అన్నీ చెడగొడితే దొరికిపోతానని మధ్యమధ్య మంచివి కూడా తీస్తున్నాడు అనుకున్నాను. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని ఊరికే అనలేదు.

మర్నాడు మళ్ళీ చూశాను. నాన్న వరండాలోకి వెళ్ళిన ప్రతిసారీ ఇదే తంతు. నాన్న షెడ్డులోనే స్టూలు వేసుకుని కూర్చుంటే మాత్రం మా ఆయన తాళం జోలికి పోవడం లేదు. మూడోసారో నాలుగోసారో చూశాక ఇక ఆగలేకపోయాను. నాన్నను చెయ్యి పట్టుకుని వరండాలోంచి లేపి షెడ్డులోకి తీసుకొచ్చాను. మా ఆయన చేతిలో తాళం ఇంకా ఉంది.

ఏం మాట్లాడానో అన్నీ చెప్పను, చెప్పుకోదగ్గవి కావు. గేటు దగ్గర గుసగుసలు, ఫ్యాక్టరీ, విడిగా ఉందామన్న పాత మాట, అన్నీ ఒకదాని మీద ఒకటి పోశాను. “తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళ గురించి విన్నాను,” అన్నాను. “మీరు ఏకంగా వాసాలే పీకేస్తున్నారు. ఆ ఫ్యాక్టరీ అంత ముద్దయితే వెళ్ళండి. నేను మాత్రం రాను.”

మా ఆయన నా వైపు చూడలేదు. మా నాన్న వైపు చూశాడు. చాలాసేపే చూశాడు. నాన్న గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు, శుభ్రంగా ఉన్న చేతులే మళ్ళీ మళ్ళీ తుడుచుకుంటున్నాడు. చివరికి, చివరి బిగింపు అయ్యాక తాళం ముట్టుకోకూడదని ఈ ఇంట్లో అందరికీ తెలిసిందే కదా అని గొణిగాడు.

మా ఆయన తాళం ఆయన చేతికిచ్చాడు. “ఇక ముట్టుకోను మామయ్యా,” అన్నాడు.

అంతే. కాదనలేదు, అవుననలేదు. బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు. నిజం ఉన్నవాడికి నోరు లేస్తుంది, లేనివాడే కుక్కిన పేనులా పడి ఉంటాడని నా నమ్మకం. ఆ నమ్మకాన్ని మాత్రం నేను ఎప్పుడూ కొలిచి చూసుకోలేదు.

తర్వాతి రోజు వంటింట్లో కూర్చోలేదు. స్టూలు తెచ్చుకుని షెడ్డులోనే, చక్‌కు ఎదురుగా, పోలీసులా కూర్చున్నాను. నాన్న బిగిస్తున్నంతసేపూ మా ఆయన చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. నాన్న పక్కకు తప్పుకోగానే వచ్చి, కోసే టూలును నడిపే చక్రం మాత్రం తిప్పి ఆఖరి కోత కోసి, గొట్టాన్ని నా చేతిలో పెట్టాడు. నా కళ్ళ ముందే. రెప్ప కూడా వెయ్యలేదు నేను.

మొదటి గొట్టంలో గేజి ఇరుక్కుంది. రెండోది ఇరుక్కుంది. మధ్యాహ్నానికి మంచి పెట్టెలో ఒక్క గొట్టం కూడా పడలేదు. ఇంతకుముందు సగమైనా బాగుండేవి.

ఇది కక్షేమో అని ఒక్క నిమిషం అనుకున్నాను. అనుకున్నానండీ, దాచడం దేనికి. కానీ కక్ష తీర్చుకోవడానికి ఆయన చెయ్యి పెట్టిన చోటేదీ? టూలు పదునుగా ఉంది, కోత సన్నగా ఉంది, తాళం ఆయన ముట్టుకోలేదు. బిగింపు ఒక్కటే మిగిలింది. బిగింపు ఎవరిదో నాకు తెలుసు. ఆ స్టూలు మీద కూర్చుని, ఆ ఒక్క మాట మనసులోకి రాకుండా అటూ ఇటూ తోసేస్తూ గడిపాను.

తెల్లారి మా ఆయన స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పక్క జిల్లా దాకా వెళ్ళొస్తానని నాన్నకు చెప్పి వెళ్ళాడు. నాకు చెప్పలేదు. నేనూ ఎక్కడికని అడగలేదు.

ఆయన గేటు దాటాక నాన్నను షెడ్డులోకి పిలిచి, ఒక గొట్టాన్ని నా కోసం బిగించి చూపించమన్నాను. నవ్వాడు. ఇన్నేళ్ళ తర్వాత పని నేర్చుకుంటావా అన్నాడు. గొట్టం అందుకుని చక్‌లో పెట్టి, బొటనవేలితో, చూపుడువేలితో తాళం తిప్పాడు. రెండు వేళ్ళే, ఎప్పటిలాగే. కానీ నేను ఈసారి తాళాన్ని వదిలేసి వేళ్ళను చూశాను. గోళ్ళ కింద రక్తం మొత్తం పోయి తెల్లగా పాలిపోయాయి. మణికట్టు వణుకుతోంది. ఆయన ఇంకా తిప్పుతున్నాడు. ఆయన ముఖంలో మాత్రం, ఇంకా ఆనలేదే అన్నట్టు ఏదో వెతుకుతున్న చూపు.

ఇత్తడి గొట్టం మీద ఎర్రగా చార కనిపించింది. కోసిన గొట్టం అంచు బ్లేడులా ఉంటుంది, ఎక్కడో గీసుకుంది.

“నాన్నా, వేలు తెగింది,” అన్నాను.

ఆయన కంగారుగా రెండో చెయ్యి చూసుకున్నాడు.

గుడ్డ చింపి కట్టు కడుతుంటే ఆయన ఆ వేలి వంక పరాయివాళ్ళ వేలిని చూసినట్టు చూస్తున్నాడు. వేళ్ళ చివర్లు మొద్దుబారడం చలికాలంలో మొదలైందట. చలికేమో అనుకున్నాడట. చలి పోయినా అది పోలేదు. షుగర్ వల్ల అలా అవుతుందని, ఆ స్పర్శ తిరిగి రావడం కష్టమని డాక్టరు చెప్పాడట. నాకు చెప్పొద్దని డాక్టరును బతిమాలుకున్నాడట. ఆయన గుండీల చొక్కాలు మానేసి తలమీంచి తొడుక్కునే బనియన్లు ఎందుకు వేసుకుంటున్నాడో, కాలే గ్లాసు ఎలా పట్టుకుంటున్నాడో నాకు అప్పుడు అర్థమైంది. ఇంట్లో ప్రతి వస్తువునూ కొలిచేదాన్ని, కన్నతండ్రిని చూడలేకపోయాను.

అల్లుడికి తెలుసా అని అడిగాను. తెలుసేమో అన్నాడు. తను వరండాలోకి వెళ్ళాక చక్ వదులవుతున్న చప్పుడు వినిపించేదట. చెవులు ఇంకా బాగానే ఉన్నాయి కదా. విననట్టు కూర్చునేవాడట.

“మరి నేను ఆయన్ని అన్ని మాటలంటుంటే ఎలా ఊరుకున్నావు నాన్నా?”

ఆయన నా ముఖం చూడకుండానే చెప్పాడు. “నువ్వు అతన్ని అనుమానిస్తుంటే నాకు కాస్త ఊపిరాడేది తల్లీ. నా చెయ్యి పోయిందనుకోవడం కంటే అల్లుడు దొంగ అనుకోవడం తేలిగ్గా ఉండేది.”

నాకు కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, ఏది ముందొచ్చిందో తెలియదు. ఏడుస్తూనే తిట్టాను. ఆయన చిన్నపిల్లాడిలా తల దించుకుని అన్నీ పడ్డాడు. అతను రాగానే నేనే చెప్తాను, నువ్వేం మాట్లాడకు అన్నాడు.

మా ఆయన పొద్దుగూకకముందే వచ్చాడు. కాళ్ళు కడుక్కుని భోజనానికి కూర్చున్నాడు. నాన్న ఎదురుగా కూర్చుని, అన్నం కలపకుండా, కట్టు కట్టిన చెయ్యి కంచం పక్కన పెట్టి, తప్పు తన చేతిదని, తెలిసే దాచానని, తెలిసే మాట పడనిచ్చానని చెప్పాడు. అంత పొడుగు మాట ఆయన ఒక్క ఊపున చెప్పడం నేనెప్పుడూ వినలేదు.

మా ఆయన తనకు తెలుసన్నాడు. మామయ్య పెద్దవాడు, చేతిపని పోతే ఎలా ఉంటుందో ఊహించగలనని, అందుకే ఏమీ అనలేకపోయానని మెల్లగా చెప్పాడు. లేచి, వేసుకెళ్ళిన సంచీలోంచి ఒక మందపాటి ఇనుప ఉంగరం తీసి బల్ల మీద పెట్టాడు. ఒక పక్క చీల్చి ఉంది. లోపల అద్దంలా కోసి ఉంది, మా గొట్టానికి సరిగ్గా సరిపోయేలా. ఇక్కడ మన లేత్ మీద చేస్తే మామయ్య చూస్తాడని, పక్క జిల్లా ఫ్యాక్టరీలో ఉన్న పాత స్నేహితుడితో చేయించానని చెప్పాడు. ఇది తొడిగితే ఎంత బిగించినా గొట్టానికి ఏమీ కాదు, మామయ్య చివరి బిగింపు మామయ్యకే ఉంటుంది అన్నాడు.

నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. సిగ్గేస్తే నాకు నోరు ఊరుకోదు, అదొక పాడు గుణం. “తెలిసినవాళ్ళు నాతో ఒక్క ముక్క చెప్పొచ్చుగా?” అని విరుచుకుపడ్డాను. “రాత్రీ పగలూ పక్కనే ఉంటాను కదా. ఎందుకు చెప్పలేదు?”

ఆయన మొదటిసారి నా వైపు చూశాడు.

“చెప్తే నమ్మేదానివా?”

నాన్న కంచంలోకి చూస్తున్నాడు. నేను నోరు తెరిచాను. నమ్మేదాన్నని చెప్పాలని ఎంతో అనుకున్నాను. తను చేసిన తప్పును ముసలాయన మీదికి నెడుతున్నాడు చూడు అని ఆ రోజు నేనేం అనేదాన్నో నాకు మాటతో సహా తెలుసు.

“నమ్మేదాన్ని కాదు,” అన్నాను.

ఆయన తల ఊపాడు. కోపం లేదు ఆ ముఖంలో, ఉంటే బాగుండేది. “ఇంతకుముందు ఆ ఫ్యాక్టరీకి వెళ్ళింది ఈ ఉంగరం కోసం. ఇవాళ వెళ్ళింది ఉద్యోగం కోసం. రమ్మన్నారు, వస్తానన్నాను.”

“నా వల్లేనా బాబూ?” అన్నాడు నాన్న.

“మీ వల్ల కాదు మామయ్యా.”

ఎవరి వల్లో ఆయన చెప్పలేదు. అన్నం తిని, కంచం తనే కడిగి పెట్టి వెళ్ళి పడుకున్నాడు.

వెళ్ళేలోపు ఆ విడత పూర్తిచేశాడు. ఉంగరాన్ని మొదట నాన్నే గొట్టానికి తొడిగాడు, ఎవరూ చెప్పకుండానే, పెదవి బిగించి. ఆ తర్వాత వచ్చిన గొట్టాలన్నింటిలో గేజి జారిపోయింది. దుర్భిణీలాయన పెట్టె తీసుకుంటూ, పెద్దాయన చెయ్యి ఇప్పటికీ అదే చెయ్యి అన్నాడు. నాన్న నవ్వలేదు. అదంతా మా అల్లుడి పుణ్యమని చెప్పాడు. పరాయివాళ్ళ ముందు ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు.

మోటు కోత, ఆఖరి కోత మా ఆయన నాకు నేర్పి వెళ్ళాడు. చెయ్యి పట్టుకుని చూపించాల్సిన పనిని రెండడుగుల దూరంలో నిలబడి నోటితో చెప్పాడు. చక్రం ఎంత తిప్పాలో, టూలు ఎప్పుడు కిచకిచలాడుతుందో, అప్పుడేం చెయ్యాలో ఓపిగ్గా చెప్పాడు. నేను తప్పు చేస్తే మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. కావాలని కూడా ఒకటి రెండు తప్పులు చేశాను, అప్పుడైనా దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంటాడేమోనని. రాలేదు.

నన్ను కూడా తీసుకెళ్ళమని అడిగాను. నాన్నను ఒంటరిగా ఎలా వదులుతావన్నాడు. అది నిజమే, కాబట్టి ఎదురు చెప్పలేకపోయాను. సెలవు దొరికినప్పుడు వస్తున్నాడు. వచ్చినప్పుడు లేత్‌కు నూనె వేస్తాడు, టూళ్ళు పదును పెట్టి వెళ్తాడు, నాన్న వేళ్ళు చూసి మందులడుగుతాడు.

రోజూ సాయంత్రం ఫోన్ చేస్తాడు. ఇప్పుడు నేను ఆ ఫోన్ పట్టుకుని గేటు దాకా వెళ్ళి మాట్లాడుతున్నాను. గొట్టాలెలా వస్తున్నాయని అడుగుతాడు. బాగానే వస్తున్నాయంటాను. మామయ్య చెయ్యి ఎలా ఉందంటాడు. అలాగే ఉందంటాను. ఇంకేమైనా చెప్తాడేమోనని కాసేపు ఆగుతాను, ఆయనా కాసేపు ఆగుతాడు. నేనెలా ఉన్నానని మాత్రం ఇంకా అడగడం లేదు.